బుధవారం సెలవు

ఆగస్టు 4, సోమవారం

సువార్త పోతోంది.

వెతుక్కుని పోతుంటే అర్థం చేసుకునేవాణ్ణి. వెతుక్కోలేదట. దరఖాస్తు పెట్టలేదు, ఎవరినీ అడగలేదు. బెంగుళూరులో ఏదో పెద్ద ఆస్పత్రి, డయాలసిస్ విభాగానికి మనిషి కావాలని వాళ్ళే ఫోన్ చేశారట. మా రోగి పుల్లన్న చేతికి సూది పెట్టి, మిషన్ తిప్పి, చేతులు కడుక్కుని తుడుచుకుంటూ చెప్పింది. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు అడక్కుండానే ఇచ్చినారా?"

"ఔను సార్."

"అడగనిదానికి ఎట్ల ఒప్పుకుంటివమ్మా?"

"ఇంకా ఒప్పుకోలేదు సార్. పోదామనుకుంటాండా. ఇరవై నాలుగో తేదీ ఆదివారం సాయంత్రం లోపల ఖాయంగా చెప్పమన్నారు. మీకు ముందే చెప్పల్ల కదా, అందుకు చెప్పినా."

ఆమె పోతే మా డయాలసిస్ యూనిట్ తలుపు మూయాలి. అందులో వాదన లేదు. ట్రస్టు నాది, బోర్డు మీద పేరు నాది, విరాళాల కోసం తిరిగిన చెప్పులు నావి. నడిపేది మాత్రం సువార్త. డాక్టరు వారానికోసారి అనంతపురం నుంచి వచ్చి సంతకాలు పెట్టి పోతాడు. బెళుగుప్ప చుట్టుపక్కల ఊళ్ళ రోగులంతా మళ్ళీ అనంతపురం బస్సెక్కాలి, వారానికి రెండుసార్లు. ముందుగా మానేసేదెవరో నాకు తెలుసు. పుల్లన్న. మానేస్తే ఏమవుతుందో కూడా తెలుసు.

కూలీల సంఘంలో నాకన్నా ముందునుంచీ ఉన్నవాడు పుల్లన్న. మంచం మీంచే అన్నాడు: "పోనీలేప్పా రామదాసూ. ఆ పిల్ల బతుకు ఆ పిల్లది."

"నీ చావు నీది అంటే ఊరుకుంటావా?"

"ఊరుకోక యాడికి పోతా? సూది ఉండాది చేతిలో."

సువార్త నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఫోన్ చేసినావిడ నంబరు సువార్తే ఇచ్చింది. దాచలేదు. అది కూడా కోపం తెప్పించింది.

పేరు అర్చన. మన పిల్లే. తండ్రికి అనంతపురం పాతూరులో బట్టల అంగడి ఉందట. ఈమె బెంగుళూరులో ఆస్పత్రులకు మనుషుల్ని వెతికిపెడుతుంది. అదొక వృత్తి.

"మీరు చేసేది దొంగతనం. మనుషుల్ని ఎత్తుకుపోతాండారు" అన్నాను.

"ఎత్తుకుపోయేదానికి ఆమె ఏమన్నా మేకపిల్లనా సార్?"

"పని లేనివాళ్ళు ఊరూరా ఉండారు. వాళ్ళకిచ్చుకోండి."

"వాళ్ళే మాకు ఫోన్ చేస్తారు సార్. మాకు కావల్సింది ఫోన్ చెయ్యనోళ్ళు. పని బాగా వచ్చినోళ్ళు పనిలోనే ఉంటారు, వెతుక్కోరు. మేమే వాళ్ళను వెతుక్కోవల్ల."

"పనిలో ఉన్న మనిషిని పట్టుకుని నీకు వేరే పని కావాలా అని అడిగేదానికి సిగ్గుండల్ల."

"అట్ల అడగం సార్." ఓపిగ్గా, అంగట్లో చీర మడత విప్పినట్టు చెప్పింది. "ఈ పని బాగా తెలిసినవాళ్ళు మీ ఎరుకలో ఎవరన్నా ఉన్నారా అని అడుగుతాం. మనసుంటే వాళ్ళకే అర్థమైతాది. రెండు దినాలకు వాళ్ళే తిరిగి ఫోన్ చేస్తారు."

ఎంత మర్యాదైన వల! ఆ మాట అనేశాను కూడా. తర్వాత అడిగాను: "బెళుగుప్పలో ఇట్లాంటి మనిషుందని మీకు ఎవరు చెప్పినారు?"

అవతల కంప్యూటరు మీటలు టకటకమన్నాయి.

"మీరే సార్. మార్చిలో ఫేస్‌బుక్‌లో పెట్టినారు కదా, మహిళా దినం నాడు. పేరు, ఫోటో, చదువు, ఒక్క రోగికి కూడా ఇన్‌ఫెక్షన్ రానివ్వలేదని. అంత బాగా మాకు ఎవరూ రాసియ్యరు సార్."

ప్రజల కోసం రాసినదాన్ని వేటగాళ్ళు చదివితే తప్పు రాసినవాడిదా? ఆ లెక్కన ఈ దేశంలో ఎవడూ మంచిమాట రాయకూడదు. ఈ వాదన ఆమెకు చెప్పాను. వింది. ఎంత జీతం చూపించి లాగారని అడిగాను.

"దుడ్ల మాట చివర్లో వచ్చింది సార్. మీకేం కావాలని ముందే అడిగితిమి. ఆమె ఇంకోటి చెప్పింది."

"ఏంది?"

"ఆమెనే అడగండి."

అడగలేదు. అడిగేదేముంది, డబ్బే. మర్యాదకి ఇంకోటి చెప్పి ఉంటుంది.

ఆగస్టు 6, బుధవారం

పత్రికకు వ్యాసం మొదలుపెట్టాను. "మనుషుల వేట". కలం ఆగడం లేదు.

ఆగస్టు 9, శనివారం

వ్యాసం పంపేశాను. సువార్త పేరు లేదు.

సువార్త బదులు మనిషి కావాలని వేసిన ప్రకటన చూసి కొందరు వచ్చారు. ఒకడు సర్టిఫికెట్ తెచ్చాడు కానీ మిషన్‌ను దగ్గర్నుంచి చూడటం ఇదే మొదలట. ఒకమ్మాయి బాగానే మాట్లాడింది, రక్తం చూసి కుర్చీలో కూలబడింది. ఇంకొకతను సోమందేపల్లె దగ్గర కార్ల ఫ్యాక్టరీకి పోబోయి దారి తప్పి ఈడికొచ్చినట్టున్నాడు. వాళ్ళ తప్పు కాదు. ఆ చదువులు అమ్మిన కాలేజీలది. దాని మీద వేరే వ్యాసం రాయాలి.

అర్చన చెప్పింది నిజమని నేను ఒప్పుకోను. కానీ పని వచ్చినవాళ్ళెవరూ పని కోసం రాలేదన్నది వాస్తవం.

గుంతకల్లులో శశికుమార్ అని ఒకడున్నాడు. ప్రైవేటు ఆస్పత్రిలో డయాలసిస్ చూస్తాడు. చెయ్యి మంచిదని పుల్లన్న బంధువెవరో చెప్పారు. ఆ ఆస్పత్రి లాభం కోసం నడిచేది. లాభం కోసం నడిచేచోటి నుంచి ప్రజల కోసం నడిచేచోటికి ఒక మనిషి రావడాన్ని వేట అనరు. దిశ ముఖ్యం. చలనం ఒకటే కావచ్చు, దిశ వేరు.

ఈ మాట వ్యాసంలో పెట్టి ఉండాల్సింది.

ఆగస్టు 13, బుధవారం

గుంతకల్లు పోయి వచ్చాను. చుక్క వాన లేదు. దారి పొడుగునా వేరుశెనగ చెట్లు తల వేలాడేసి ఉన్నాయి, వాటి మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఎవరి కరెంటో.

స్టేషన్ ఎదురుగా హోటల్లో శశికుమార్‌ను కలిశాను. ముప్ఫై ఏళ్ళుంటాయి. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట. ఉగ్గాని, బజ్జీ చెప్పాడు, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. అసలు విషయానికి ఎలా రావాలి? పనిలో ఉన్నవాణ్ణి మొహం మీద అడగటం నాకు చేతకాదు. అలా అడగటం తప్పని పత్రికకు రాసి పంపినవాణ్ణి కూడా. అందుకని అర్చన చెప్పిన పద్ధతిలోనే అడిగాను.

"మా యూనిట్‌కు ఒక మనిషి కావాలప్పా. పని బాగా తెలిసినవాళ్ళు నీ ఎరుకలో ఎవరన్నా ఉన్నారా?"

వాడు సిగ్గుపడతాడనుకున్నాను. లేదా రెండు రోజులు టైమడుగుతాడని. బజ్జీ పక్కన పెట్టి నిజంగా ఆలోచించడం మొదలుపెట్టాడు.

"ఉండాది సార్, ఒకామె. ఈ జిల్లాలో ఆమెను మించినోళ్ళు లేరు. అనంతపురంలో మేమిద్దరం ఒకే బ్యాచు. మెషిన్ అలారం కొట్టకముందే లేచేది, చెవిలో ఎవరో చెప్పినట్ల."

"ఎవరు?"

"సువార్త అని, బెళుగుప్పలోనే... అయ్యో. మీది బెళుగుప్పే కదా సార్?"

చట్నీ వైపు చూశాను.

"ఆమె పోతాండాది" అన్నాను.

"తెలుసు సార్. మా బ్యాచు వాట్సాప్ గ్రూపులో చెప్పినారు. ఉంటాది సార్, అడిగితే ఉంటాది. ఆదివారం ఇస్తే చాలు."

"ఆదివారమేంది?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "సార్, డయాలసిస్ వాళ్ళమందరం మీ ఆస్పత్రిని బుధవారం ఆస్పత్రి అంటాం. రాయలసీమ మొత్తంలో బుధవారం సెలవిచ్చేది మీరొక్కరే. ఆమె నాలుగేళ్ళనుంచి ఆదివారం చర్చికి పోలేదు. క్రిస్మస్ ఏ వారమొస్తే ఆ వారం తప్ప."

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా రాసుకోవాలి, ఎందుకంటే ఇందులో నా తప్పేమీ లేదు. సెలవు ఏ వారమని మొదట్లో చర్చ వచ్చింది. సోమవారం శివుడిది. మంగళవారం ఆంజనేయుడిది. గురువారం బాబాలది, ఈ జిల్లాలో చెప్పనక్కర్లేదు. శుక్రవారం మసీదుది. శనివారం వెంకటేశ్వరుడిది. ఆదివారం చర్చిది. ఏ దేవుడికీ చెందకుండా మిగిలింది బుధవారం. ప్రజల ఆస్పత్రికి అదే సరైన సెలవని నేనే ప్రతిపాదించాను, అందరూ చప్పట్లు కొట్టారు. సువార్త కూడా అక్కడే ఉంది. "ఆదివారమైతే బాగుంటాది సార్" అంది, నిజమే. దానికి నేను వివరంగా జవాబు చెప్పాను. అరగంట పట్టింది. మళ్ళీ అడగలేదు కాబట్టి ఒప్పుకుందనే కదా అర్థం.

బస్సెక్కించేటప్పుడు శశికుమార్ అన్నాడు: "నన్ను పిల్చేదానికి వచ్చినారేమో అనుకుంటి సార్ మొదట. నాకు భయమేసింది. మీకు కాదని చెప్పేదానికి."

ఆగస్టు 14, గురువారం

అది మతం సమస్య కాదు. వేతనం సమస్య. శశికుమార్‌కు వర్గ దృష్టి లేదు.

ఆగస్టు 16, శనివారం

సువార్త బెంగుళూరు ఆస్పత్రిని చూసి రావడానికి పోయింది. ముందే సెలవు చెప్పింది. ఆమె బదులు ఒక రోజుకని వచ్చినావిడ పుల్లన్నకు సూది పెట్టింది. కాసేపటికి మోచేతి పైన ఉబ్బింది. తీసేలోపల నీలంగా మారింది. పాపం, ఆమె ఏడ్చేసింది. పుల్లన్నే ఓదార్చాడు: "ఏడవొద్దు తల్లీ. అది పాత చెయ్యి, దానికి కొత్తోళ్ళంటే పడదు."

ఆ చేతికి ఈ రోజు ఇంకెవరూ సూది పెట్టలేరు. అనంతపురం తీసుకుపోతానంటే రానన్నాడు.

"ఆ పిల్ల రేపు పొద్దునకు వస్తాది కదా."

"అంతవరకూ ఉంటావా?"

"నువ్వు ఉపన్యాసం ఇయ్యకపోతే ఉంటా."

సాయంత్రానికి పాదాలు ఉబ్బాయి. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. ఆయన తాగకూడని నీళ్ళ వైపు చూస్తున్నాడు, నేను చెంబు తీసి బయట పెట్టాను.

ఆగస్టు 17, ఆదివారం

తెల్లవారగానే సువార్త బస్టాండు నుంచి సంచితో తిన్నగా వచ్చేసింది. ఇంటికి కూడా పోలేదు. ఎవరు చేసినారని అడగలేదు, నా వైపు చూడలేదు. ఉబ్బిన చోటుకి కాస్త పైన వేలితో తడిమింది, వెతికింది, ఆగింది. పెట్టింది. రక్తం ట్యూబులోకి ఎక్కింది. పుల్లన్న కళ్ళు మూసుకున్నాడు.

చర్చి మైకులోంచి పాట వినిపిస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏదో లెక్క పెట్టుకుంటోంది. అంతే.

ఆగస్టు 19, మంగళవారం

పత్రిక వచ్చింది. వ్యాసం మొదటి పేజీలో వేశారు. సువార్త మిషన్ల మధ్య నిలబడి మొత్తం చదివింది. నేను ఏదో సామాను సర్దుతున్నట్టు ఉన్నాను.

"పేదల దగ్గర పని నేర్చుకుని పెద్దల గుమ్మంలో చెయ్యి చాపేవాళ్ళు." పైకే చదివింది. "ఇది నేనే కదా సార్?"

"వ్యక్తుల గురించి కాదమ్మా. అదొక ధోరణి."

"మెచ్చుకునేటప్పుడు పేరు, ఫోటో. తిట్టేటప్పుడు ధోరణా?"

అవతలి మంచం మీద ఎవరో కిసుక్కున నవ్వారు. జవాబు చెప్పాను. ఏం చెప్పానో రాయాల్సినంత ముఖ్యమైంది కాదు.

ఆగస్టు 20, బుధవారం

ఆదివారం బ్యాచు రోగుల ఇళ్ళకు పోయి వచ్చాను. ఇకమీదట ఆదివారం బదులు బుధవారం రండి అన్నాను. పెద్ద తిరుగుబాటు వస్తుందనుకున్నాను. "మాకేందప్పా, యా వారమైనా సూదే కదా" అన్నాడు ఒకాయన. తిప్పమ్మ అయితే, "ఆదివారం మా ఇంట్లో కూర వండుతారు, నేను మాత్రం ఈడ పండుకోవల్ల. ముందే మార్చకపోతివా?" అని నన్నే తిట్టింది.

తలుపు మీద నోటీసు అంటించాను: పరిపాలనా కారణాల వల్ల ఇకపై ఆదివారం సెలవు.

సెలవైనా మిషన్లు కడగడానికి వచ్చిన సువార్త చదివి, "సంతోషం సార్" అంది. లోపలికి పోయింది. బెంగుళూరు మాట ఎత్తలేదు.

అంటే ఉంటుందనే కదా. ఉండకపోతే సంతోషం ఎందుకంటుంది?

ఆగస్టు 22, శుక్రవారం

అర్చనకు ఫోన్ చేశాను. సువార్త ఇంకా ఏమీ చెప్పలేదట. "ఆదివారం సాయంత్రం దాకా చూస్తా సార్. మీరేమన్నా అడిగినారా ఆమెను?"

సెలవు మార్చానని చెప్పాను.

"అది కాదు సార్. ఉంటావా అని అడిగినారా?"

అంగడి పిల్ల నాకు పాఠం చెబుతోంది.

ఆగస్టు 23, శనివారం

మాట్లాడాను. సాయంత్రం ఆఖరి రోగి పోయాక కూర్చోబెట్టి మాట్లాడాను. ఈ కరువు నేల నుంచి నీళ్ళు పోయాయి, వలసలో చేతులు పోయాయి, ఇప్పుడు పనితనం కూడా పోతే మిగిలేదేమిటని చెప్పాను. చదువుకున్నవాళ్ళ బాధ్యత గురించి చెప్పాను. పుల్లన్న చెయ్యి గురించి చెప్పాను. అదొక్కటీ చెప్పకుండా ఉండాల్సింది, ఆమె మొహం మారింది. అయినా ఆపలేదు. బెంగుళూరులో ఆమె ఒక నంబరవుతుందన్నాను. కాబట్టి ఇక్కడ ఉండటమే సరైనదన్నాను.

అంతా విన్నది.

"సార్, మీరు నన్ను అడుగుతాండారా, నాకు చెప్తాండారా?"

"రెండిటికీ తేడా ఏముంది? నీ మంచికే..."

"తేడా ఉండాది సార్."

"సెలవు మార్చినా కదమ్మా!"

"మార్చినారు. ఎవరి కోసమో నోటీసులో రాయలేదు." సంచి భుజాన వేసుకుంది. "బెంగుళూరు వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నాకు ఏడుపొచ్చింది సార్, మీకు తెలుసా? ఆయమ్మ 'మీకేం కావాల' అనింది. ఈడ పనికి చేరినప్పటి నుంచి మీరు నాకు ఏం కావాలో చెప్తానే ఉండారు. ఒక్కసారి కూడా అడగలేదు."

నేను లేచి వచ్చేశాను. నా యూనిట్‌లోంచి నేనే లేచి వచ్చేశాను.

ఆగస్టు 24, ఆదివారం

వెళ్ళాను.

ఆమె ఇంటికి పోతే చర్చిలో ఉందన్నారు. బయట నిలబడదామనుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోట ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, "లోపలికి రండి, లోపలికి రండి" అని లాక్కుపోయి మగవాళ్ళ వైపు చాప మీద ముందు వరసలో కూర్చోబెట్టాడు. ప్రార్థనలతో రోగాలు నయం కావని ఈ గోడ అవతల మైకు పెట్టి మాట్లాడినవాణ్ణి నేను. అందరికీ గుర్తున్నట్టే ఉంది. ఆడవాళ్ళ వైపు గుసగుసలు. సువార్త తల మీద చెంగు కప్పుకుని పాడేవాళ్ళలో నిలబడి ఉంది. నన్ను చూసి పాటలో ఒక మాట తప్పింది.

ఆమె అంత గట్టిగా పాడగలదని నాకు తెలియదు.

పాట అయ్యాక పాస్టరుగారు అన్నారు: "ఈ దినం కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడి, పేరు చెప్పండి."

లేచిందెవరూ లేరు. అందరూ నన్నే చూస్తున్నారు. లేచాను.

"రామదాసు" అన్నాను.

పిల్లలు నవ్వారు. పెద్దలూ నవ్వారు. పాస్టరుగారు నవ్వు ఆపుకున్నారు. "మంచిది రామదాసుగారు. మీకు ఏదైనా మనవి ఉంటే సంఘానికి చెప్పండి. అందరం కలిసి ప్రార్థన చేస్తాం."

నాకు దేవుడితో పని లేదని చెప్పాలి. అది చెప్పడానికి నాకు ముప్ఫై ఏళ్ళ సాధన ఉంది. కానీ మనవి మాత్రం ఉంది. ఆమె ఆ వైపు నిలబడి ఉంది. సాయంత్రం దాకానే టైముంది.

"సువార్తమ్మా" అన్నాను. గొంతు సభల్లో వచ్చేటట్టు రాలేదు. "మా దగ్గర ఉంటావా?"

"ఆమేన్!" అంది సంఘమంతా, ఒక్కసారిగా. అలవాటు.

ఆమె తల మీది చెంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నన్ను పట్టుకుంది. సంతోషిస్తుందనుకున్నాను. మండిపడుతోంది.

"అంతమందిలో అడిగితే నేనేం చెప్పల్ల సార్? కాదంటే రేపటినుంచి నేను కఠినాత్మురాలు. ఔనంటే మీరు గెలిచినోళ్ళు. ఇది అడగడమా? పంచాయితీ పెట్టినట్ల చేసినారు."

నేను చేసింది ఎందుకు సరైనదో చెప్పడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది నోటి దాకా వచ్చింది.

"మరి ఎట్ల అడగల్ల?" అన్నాను.

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. వెనక ఎవరో మోటారు సైకిల్ స్టార్ట్ చేసుకుని పోయారు.

"నాకు సాయంత్రం దాకా టైముండాది. మీరు ఇంటికి పోండి" అంది. "ఫోన్ చెయ్యొద్దు. పుల్లన్న చేత కూడా చేయించొద్దు."

చేయలేదు. పుల్లన్న చేత కూడా చేయించలేదు. ఇప్పుడు సాయంత్రమైంది.

ఆగస్టు 25, సోమవారం

పొద్దున్నే పోయేసరికి తలుపు తీసి ఉంది. పుల్లన్న మంచం మీద, చేతిలో సూది. మిషన్ తిరుగుతోంది.

"బెంగుళూరుకు కాదని చెప్పినా" అంది సువార్త, మిషన్ వైపే చూస్తూ. "ఆయమ్మ ఇంకోసారి ఫోన్ చేస్తానంది. చెయ్యమన్నా. అడిగేవాళ్ళు ఉండనీ, మంచిదే."

తర్వాత తన షరతులు చెప్పింది. ఆదివారం సెలవు మళ్ళీ మారకూడదు. ఇంకొకరిని తీసుకోవాలి. రక్తం చూసి కూలబడిన ఆ అమ్మాయిని పిలిపించమంది, తానే నేర్పుతుందట. "భయపడేవాళ్ళకు చెయ్యి జాగ్రత్తగా ఉంటాది సార్." ఈ రెండూ ఒప్పుకున్నాను.

మూడోది: "నా గురించి రాయొద్దు. మంచిగా వద్దు, చెడ్డగా వద్దు. యాడా వద్దు."

దీనికి మాత్రం వాదించాను. జరిగినదాన్ని సమాజం తెలుసుకోవాలి, పేరు మారుస్తాను, ఊరు మారుస్తాను అన్నాను. వచ్చే సంచికలో మొదటి వ్యాసాన్ని సవరిస్తూ ఇంకొకటి రాస్తానన్నాను. అది కూడా వద్దంది.

"రాసేదాన్లో ఆమెకేం లాభమప్పా?" అన్నాడు పుల్లన్న.

"లాభం కాదు, సత్యం."

"సత్యం ఆమెదే కదా. ఆమెనే ఉంచుకోనీ."

ఒప్పుకున్నాను. సరే అని పైకే అన్నాను, ఇద్దరూ విన్నారు.

ఇంటికొచ్చి ఇదంతా రాశాక గుర్తొచ్చింది. డైరీ పత్రిక కాదు, దీన్ని ఎవరూ చదవరు, కాబట్టి ఇది ఆ షరతు కిందికి రాదని గట్టిగా వాదించవచ్చు. నాలుగు కారణాలు చూపించగలను.

రేపు పొద్దున పోయి ఆమెను అడగాలి.